ఇజ్జత్ కీ దీవార్

1967లో షికాగో సౌత్‌సైడ్‌లోని ఒక నల్లజాతి మొహల్లాలో, పాతబడ్డ బిల్డింగ్ గోడ మీద కొందరు ఆర్టిస్టులు తమవాళ్ల తస్వీర్లు గీశారు. మాల్కం ఎక్స్, ముహమ్మద్ అలీ, డుబాయిస్, బిల్లీ హాలిడే. దానికి పెట్టుకున్న పేరు 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్'. మన జబాన్‌లో ఇజ్జత్ కీ దీవార్. మ్యూజియంలో తమ మొహాలకు జాగా ఎప్పుడిస్తారా అని వాళ్లు ఇంతెజార్ చెయ్యలేదు. పిల్లలు రోజూ నడిచే గల్లీలోనే పెట్టుకున్నారు.

ఈ జిద్దు ఒక్కరోజులో పుట్టింది కాదు. 1926లో లాంగ్‌స్టన్ హ్యూస్ 'ది నేషన్' పత్రికలో ఒక మజ్మూన్ రాశాడు. తనని నీగ్రో కవి అనొద్దు, ఉత్త కవి అంటే చాలని ఒక కుర్ర షాయర్ అన్నాడట. ఆ మాట వెనక తెల్లవాడిలా ఉండాలన్న ఖ్వాహిష్ ఉందని హ్యూస్ పట్టేశాడు. తను మాత్రం బ్లూస్, జాజ్ లయని, తనవాళ్ల మాటని కవిత్వంలోకి తెచ్చాడు.

1965లో మాల్కం ఎక్స్ హత్య తర్వాత లెరాయ్ జోన్స్ అనే కవి హార్లెం వచ్చి, నాటకశాలనీ బడినీ కలిపి పెట్టాడు. బ్లాక్ ఆర్ట్స్ ఉద్యమానికి అది బునియాద్. తర్వాత అతనే అమీరి బరాకా అయ్యాడు. అమీర్, బరకత్... మన ఇళ్లలో వినపడే అల్ఫాజే కదా! అదే ఏడు డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ అనే లైబ్రేరియన్ బ్రాడ్‌సైడ్ ప్రెస్ మొదలుపెట్టి, ఒక్కో కాగితం మీద ఒక్కో కవిత అచ్చేశాడు. 1950లోనే పులిట్జర్ అందుకున్న గ్వెండొలిన్ బ్రూక్స్ పెద్ద పబ్లిషర్‌ని వదిలి ఈ చిన్న ప్రెస్‌కి వచ్చింది. బయటి దునియా ఒప్పుకున్న మనిషి ఇంటికి తిరిగొచ్చింది. నా దిల్‌ని పట్టుకున్నది ఇదే.

ఎందుకంటే ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకూ ఆ కుర్ర షాయర్‌కి దొరికిన సలహాలే దొరికాయి. 'ముస్లిం అనే ముద్ర ఎందుకు భాయ్, కవివి అంతే' అంటారు దోస్తులు, ప్రేమగానే. ఒక ఎడిటర్ నా కథలో 'దస్తర్‌ఖాన్' కొట్టేసి 'భోజనపు గుడ్డ' అని రాశాడు. గుడ్డ మిగిలింది గానీ, దాని చుట్టూ కూర్చున్న మా అమ్మీ, అబ్బా, ఫూఫమ్మ లేచి వెళ్లిపోయారు.

1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చినప్పుడు తెలుగులో మాకూ ఒక దీవార్ లేచింది. షికాగో గోడ 1971లో మంటల్లో దెబ్బతిని, తర్వాత కూలిపోయింది. కానీ అప్పటికే దాన్ని చూసి డెట్రాయిట్‌లో 'వాల్ ఆఫ్ డిగ్నిటీ' లేచింది. దీవార్ ఎన్నాళ్లు నిలబడిందని కాదు, దాన్ని చూసి ఇంకెవరు రంగు డబ్బా పట్టుకున్నారన్నదే నాకు హిసాబ్.