అక్క కుక్కర్‌కి విజిల్ ఉండదు

మా పెద్దమ్మ కూతురు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇది ఐదో ఏడు. నేనేమో బీటెక్ అవగానే సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయా. ఇంట్లో ఏ ఫంక్షన్ జరిగినా పెద్దమ్మ నాతో అనేది ఒకటే: "దాన్ని కూడా మీ కంపెనీలోకి లాగరా."

అసలు అక్క చేసేదేంటి? ఒక్క ముక్కలో చెప్పాలంటే కుక్కర్‌లో వంట. పేరు హైడ్రోథర్మల్ సింథసిస్. లోహ లవణాలు కలిపిన నీళ్లను టెఫ్లాన్ గిన్నెలో పోసి, దాన్ని స్టీలు పాత్రలో బిగించి ఓవెన్‌లో పెడతారు. నిండా పోయకూడదు, వేడికి నీళ్లు పొంగుతాయి కాబట్టి. 200 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు 15 రెట్లు. మామూలు నీళ్లలో కరగనివి కూడా అక్కడ కరిగి, మెల్లగా స్ఫటికాలవుతాయి.

1998లో జపాన్‌లో కసుగా బృందం చేసిందీ ఇలాంటిదే. తెల్ల పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్‌ని చిక్కటి కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, 110 డిగ్రీల్లో 20 గంటలు ఉంచింది. పొడి కాస్తా నానో గొట్టాలైంది! మన వాచీల్లో, చాలా ఫోన్లలో టైమ్ లెక్కపెట్టే క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ క్వార్ట్జ్‌ని ఫ్యాక్టరీల్లో పెంచేదీ ఈ పద్ధతిలోనే, వారాల తరబడి.

నా కోడ్‌లో తప్పుంటే చాలాసార్లు ఏ లైన్లోనో స్క్రీనే చెప్పేస్తుంది. అక్క కుక్కర్‌కి విజిల్ కూడా ఉండదు. చల్లారేదాకా తెరవకూడదు. తెరిస్తే ఒక్కోసారి కావలసిన పొడి, చాలాసార్లు ఇంకేదో. అప్పుడు వేడి, పీహెచ్, గంటలు... ఒక్కొక్కటే మార్చి మళ్లీ మొదలు.

ఈలోపు డబ్బు ఆగదుగా. జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. ఐదేళ్లు నిండితే అదీ బంద్.

మొన్న అక్కే అడిగింది: "ఏరా, పైథాన్ నేర్చుకుంటే నాకు జాబ్ వస్తుందా?"

"వస్తుంది. నేనే నేర్పిస్తా. నీకు ఇష్టమై వస్తానంటే రేపే మొదలుపెడదాం. పెళ్లిళ్లలో జనం అడిగే ప్రశ్నలకి విసిగి మాత్రం రావద్దక్కా" అన్నా. థీసిస్ ఇచ్చేదాకా గది అద్దె నేను కడతానని కూడా చెప్పా.

"ఆలోచిస్తాలేరా, ఓవెన్ ఆపే టైమైంది" అని పెట్టేసింది. ఇంకా జవాబు రాలేదు. పెద్దమ్మకి మాత్రం చెప్పేశా, ఈసారి ఫంక్షన్లో అక్కని ఆ ప్రశ్న అడగొద్దని.