తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు

మా ఇంట్లో పుస్తకాలు రెండే రకాలు. తిరిగి ఇచ్చేయాల్సినవి, ఇవ్వక్కర్లేనివి. మొదటి రకం అమ్మవి. గల్లీ చివర అద్దె పుస్తకాల షాపు నుంచి వచ్చేవి, రోజుకి రూపాయి. రెండో రకం నా స్కూలు పుస్తకాలు. వాటిని వెనక్కి అడిగినవాళ్లు ఎవరూ లేరు.

అప్పుడు కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లం. బహదూర్‌పురా నుంచి లోపలికి, జూపార్కుకి దగ్గర్లో. రాత్రి గల్లీ అంతా సద్దుమణిగాక అప్పుడప్పుడు సింహం అరుపు వినిపించేది. ఈ మాట ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మరు. నాన్న బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమస్తా. కింది పోర్షన్‌లో ఇంటివాళ్లు, పైన మేము. ఓనరమ్మని పిల్లలం ఖాలా అనేవాళ్లం, అమ్మ ఆపా అనేది.

మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్లు. ముందు చేటలో బియ్యమో, చింతపండో. అమ్మ తను చదివిన నవల చెప్పేది. పాలమూరు నుంచి వచ్చిన అమ్మ ఉర్దూ మాట్లాడితే మగవాళ్లు కూడా 'ఆతీ, జాతీ' అయిపోయేవాళ్లు. అయినా కథ ఆగేది కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నేను మొదట విన్నది ఆ మెట్ల మీదే, ఉర్దూలో. ఖాలా నోట్లో రాజశేఖరం 'రాజా సాబ్' అయ్యాడు. జయంతి పౌరుషానికి పోయి మాట విననప్పుడల్లా ఖాలా తల కొట్టుకునేది. మర్నాడు ఆమె వంతు. ఆవిడ దగ్గర 'ఖాతూన్-ఎ-మష్రిక్' లాంటి ఉర్దూ పత్రికలు ఉండేవి. అందులో కథ ఆమె చెబితే సాయంత్రానికి అది తెలుగై నాన్న దగ్గరికి వచ్చేది.

అమ్మకి ఉర్దూ చదవడం రాదు, ఖాలాకి తెలుగు చదవడం రాదు. ఇద్దరూ కలిసి ఎన్ని పుస్తకాలు పూర్తి చేశారో ఇప్పుడు లెక్క కట్టలేను.

నాన్నది డిటెక్టివ్ నవలల పిచ్చి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఖాలూ, అంటే ఖాలా భర్త, ఇబ్నె సఫీ అభిమాని. 1952లో అలహాబాద్ నుంచి మొదలైన 'జాసూసీ దునియా' పుస్తకాలు ఒక రేకు పెట్టెలో దాచుకునేవాడు. అక్కడ డిటెక్టివ్ ఫరీదీ, అసిస్టెంట్ హమీద్. కరెంటు పోయిన రాత్రుల్లో ఇద్దరూ వాకిట్లో బీడీలు కాల్చుకుంటూ యుగంధర్ గొప్పా, ఫరీదీ గొప్పా అని వాదించుకునేవాళ్లు. ఒకరి పుస్తకం ఒకరు చదివింది లేదు. అయినా వాదన చాలా సీరియస్‌గా నడిచేది. ఇప్పుడు మేం ఫేస్‌బుక్‌లో చేసుకునే సాహిత్య చర్చలకీ దానికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది, వాళ్లు పొద్దున కలిసి టీ తాగేవాళ్లన్నది తప్ప.

*

ఇంజనీరింగ్‌లో చేరాక నాకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దొరికింది. పురానాపూల్ దాటితే ఇక ఎంతో దూరం కాదు. 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా మొదలైన లైబ్రరీ అది. నేను వెళ్లింది మాత్రం ఎండాకాలం ఫ్యాన్ కింద కూర్చోడానికి. సెమిస్టర్ సెలవులు, ఇంట్లో రేకుల వేడి.

అక్కడ పాత తెలుగు పుస్తకాలకి అన్నిటికీ ఒకే రకం అట్ట, వెన్ను మీద చేత్తో రాసిన నంబరు. పేరు సగం వాటికి కనిపించేది కాదు. తీసి పది పేజీలు చదివితే గానీ అది నవలో, జీవిత చరిత్రో, వ్యాసాలో తెలిసేది కాదు. నాకు ఏం చదవాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ అట్టలు బాగా పనికొచ్చాయి. వద్దు అనుకోవడానికి కూడా ముందు చదవాలి కదా.

అలా దొరికిన వాటిలో పెరెల్మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' ఒకటి. మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకం. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫిజిక్స్‌లో అర్థం కానివి అందులో అర్థమయ్యాయి, తెలుగులో. అక్కడి నుంచి నండూరి రామమోహనరావు 'విశ్వరూపం'. తర్వాత శ్రీపాద 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ', అది నవల అనుకునే చాలా దూరం చదివాను. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి చేసిన 'ఏడు తరాలు' రెండు రోజుల్లో ముగించి, మూడో రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. దాన్ని వేసిన హైదరాబాద్ బుక్ ట్రస్టే వేసిన 'వైద్యుడు లేని చోట' కూడా దొరికింది. దాన్ని కూడా నవలలాగే చదివాను. ప్రతి పేజీలో ఎవరికో కష్టం, పక్కన ఎవరో ఒకరు ఏదో చేయాలి. అంతకన్నా మంచి కథ ఏముంటుంది?

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' అయితే మొదట్లో రెండుసార్లు పక్కన పెట్టేశాను. తీర్థయాత్రల పుస్తకం నాకెందుకు? మూడోసారి తెరిచినప్పుడు ఆయన 1830లో మద్రాసు నుంచి బయల్దేరి హైదరాబాదు మీదుగా వెళ్లాడని తెలిసింది. నేను సిటీ బస్సులో నిలబడి దాటే మూసీని ఒక మనిషి పల్లకీలో వచ్చి చూశాడు, రాసుకున్నాడు, 1838లో అది అచ్చయింది. ఆ సాయంత్రం పురానాపూల్ దగ్గర బస్సు దిగి ఊరికే కాసేపు నిలబడ్డాను. మూసీ కంపు కొడుతోంది. అయినా నిలబడ్డాను.

వట్టికోట ఆళ్వారుస్వామి పేరు కూడా ఆ రోజుల్లోనే విన్నాను. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాలు తనే మోసుకుంటూ తిరిగి అమ్మేవాడట. 'ప్రజల మనిషి' నవల చదివి అమ్మకి ఆయన గురించి చెబితే ఆమె అడిగిన ప్రశ్న ఒకటే: "అద్దెకు గూడ ఇస్తుండెనా?"

*

ఉద్యోగం వచ్చింది. మియాపూర్‌కి మారాం. నేను సమీక్షలు రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడి నుంచి చెప్పడం కొంచెం కష్టం. అట్టలన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఏదైనా చదివినవాణ్ణి, పేర్లు తెలిశాక ఎంచుకోవడం మొదలుపెట్టాను. మ్యాజిక్ రియలిజం, ఆటోఫిక్షన్, అస్తిత్వవాద సాహిత్యం, ప్రాంతీయ కథ, పల్ప్. ఉద్యోగంలో నేను చేసేది కూడా అదే, వచ్చిన డేటాకి ట్యాగులు తగిలించి తలా ఒక టేబుల్లోకి పంపడం. ముందుగా పోయింది 'సెక్రటరీ'. "అవి సాహిత్యం కాదమ్మా, కాలక్షేపం" అన్నాను ఒకరోజు, అన్నం తింటూ.

అమ్మ కోప్పడలేదు. "నేను సదివింది ఆపాకు చెప్పేదాన్ని. నువ్వు సదివేది ఎవలకన్న చెప్తవారా?" అంది.

"రాస్తున్నా కదా."

"రాసుడు గాదు. చెప్పుడు."

నేను చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ ఏడాదే ముస్లిం జీవితాల మీద వచ్చిన ఒక కథల సంపుటికి సమీక్ష రాశాను. పుస్తకం పేరు, రచయిత పేరు ఇక్కడ చెప్పను, తప్పు వాళ్లది కాదు. బాగానే మెచ్చుకున్నాను. వస్తువు కొత్తది అన్నాను. 'పరిధి చిన్నది' అన్నాను. చివర్లో ఒక సలహా కూడా ఇచ్చాను: ఉర్దూ పదాలు బయటి పాఠకుడికి అడ్డుపడుతున్నాయి, పుస్తకం వెనక అర్థాల పట్టిక ఇస్తే బాగుండేది అని.

ఆ కథల్లో నాకు తెలియని ఉర్దూ మాట ఒక్కటీ లేదు. దస్తర్‌ఖాన్, ఫాతిహా, ఖాలా, చిల్లా, అన్నీ నాకు కిషన్‌బాగ్ మెట్ల మీద వచ్చినవే. మరి ఆ బయటి పాఠకుడు ఎవడు? ఎవడి కోసం అడిగాను ఆ పట్టిక? అప్పుడు నాకీ ప్రశ్న రాలేదు. సమీక్షకి లైకులు వచ్చాయి.

*

ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఈ పత్రిక చదివేవాళ్లకి దాని గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఐదేళ్ల కింద ఒక ఆదివారం, ఎంసెట్ గైడ్ల కుప్ప కింద నుంచి ఒక పాత సంపుటి లాగాను. నెల్లూరి కేశవస్వామి, 'చార్మినార్'. పేరు విన్నాను గానీ చదవలేదు. ముప్పై రూపాయలు.

పక్కనే మెట్టు మీద కూర్చుని 'రూహీ ఆపా' మొదలుపెట్టాను. కథేంటో చెప్పను, చదవండి. నన్ను పట్టుకుంది ముందు ఆ పేరే. తెలుగు అక్షరాల్లో 'ఆపా'. అమ్మ నోట్లో రోజుకి ఇరవైసార్లు విన్న పిలుపు, నేను అచ్చులో చూసిన గుర్తు లేదు. లేదా చూసి కూడా, 'ముస్లిం కథ' అనే ట్యాగు వెనక దాన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాత 'యుగాంతం' చదివాను. అది 1948 నాటి హైదరాబాదు. ఎండ మెట్టు మీదికి వచ్చేసింది, లేవలేదు. ఎక్కడా ఏ మాటకీ ఆగలేదు. నాకే పట్టికా అవసరం పడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ సమీక్ష. నిజంగా చెవులు వేడెక్కాయి.

కేశవస్వామి 1920లో పుట్టి 1984లో పోయారు. హైదరాబాదు మనిషి, తెలుగులో రాశారు. ఉస్మానియాలో చదువు ఉర్దూలో నడిచిన కాలం ఆయనది. ఆ తరానికి పాతబస్తీ కథ రాయడం 'వేరే వాళ్ల' గురించి రాయడం కాదేమో. నేను ఆ ఊళ్లోనే పెరిగి, నలభై ఏళ్ల తర్వాత దానికో గది కట్టి బయట నిలబడ్డాను.

ఆ తర్వాత వరసగా చదివాను. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', వేంపల్లి షరీఫ్ 'జుమ్మా', స్కైబాబ సంకలనం చేసిన 'వతన్'. ఇవేవీ ఎక్కడో దాక్కున్న పుస్తకాలు కావు. పదేళ్లుగా నేను వెళ్లే షాపుల్లో, బుక్ ఫెయిర్ స్టాళ్లలో, నా చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి. కొత్త పుస్తకం కనిపెట్టడం అంటే ఎవరికీ తెలియనిది వెతికి తేవడం అనుకునేవాణ్ణి. నా విషయంలో జరిగింది అది కాదు. కళ్ల ముందు ఉన్నదాన్ని 'ఇది నా రకం కాదు' అని దాటేయడం ఆపాను, అంతే.

*

పోయినేడాది అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు చదవొద్దన్నారు. టీవీ కూడా వద్దన్నారు. రాత్రిపూట నేను చదివి వినిపించేవాణ్ణి. మొదట 'సెక్రటరీ' అడిగింది. చదివాను. పైకి చదువుతుంటే తెలిసింది, ఆ సంభాషణలు ఎంత చురుగ్గా పరిగెడతాయో. కాలక్షేపం అన్నాను కదా, నా గొంతు ఎక్కడా తడబడలేదు. నాకిష్టమైన ఒక గొప్ప నవల చదివితే మూడో పేజీకి నిద్రపోయింది. పెరెల్మాన్ నచ్చింది. తిలక్ కవిత్వం రెండోసారి చదవమంది. 'చార్మినార్' తీశాక మాత్రం మధ్యలో నన్ను ఆపి, "ఇది ఆపాకు చెప్పాలె" అంది.

ఒక ఆదివారం వెళ్లాం. గల్లీ సన్నగా అయిపోయినట్టుంది, లేదా బళ్లు ఎక్కువయ్యాయి. అద్దె పుస్తకాల షాపు ఉన్నచోట మొబైల్ రిపేరింగ్. ఖాలూ పోయి చాలా ఏళ్లయింది. ఆ రేకు పెట్టె ఏమైందని అడిగితే, పుస్తకాలు రద్దీవాడికి వేశారని చెప్పారు. ఖాలా మెట్లు ఎక్కలేదు ఇప్పుడు, మంచం మీదే కూర్చుంది.

నేను కథ మొదలుపెట్టాను, నాకొచ్చిన ఉర్దూలో. రెండు నిమిషాలు విని అమ్మ, "నువ్వు ఉండు" అని తను అందుకుంది. మగవాళ్లందరూ మళ్లీ 'ఆతీ, జాతీ'. ఖాలా ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. "ఫిర్ క్యా హువా?" అని మాత్రం అడుగుతూ పోయింది. అమ్మ కథలో లేనివి నాలుగు కలిపింది, ఉన్నవి రెండు వదిలేసింది. సమీక్షకుడిగా అభ్యంతరం చెప్పాలి. చెప్పలేదు.

అయిపోయాక ఖాలా కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "లిఖ్నేవాలా అప్నాచ్ ఆద్మీ హై క్యా?" రాసినవాడు మనవాడేనా అని.

నేను ఆలోచనలో పడ్డాను. మన అంటే ఎవరు? ముస్లిమా అని అడుగుతోందా, హైదరాబాదీ అనా? కేశవస్వామి పేరు చెప్పాలా? నేను ఈ లెక్కలో ఉండగానే అమ్మ "హౌ ఆపా, అప్నాచ్" అనేసింది. ఖాలా తల ఊపింది, తనకి తెలిసిన జవాబే వచ్చినట్టు.

వచ్చేటప్పుడు ఖాలా మనవరాలు పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఏడో తరగతి. ఇప్పుడు తెలంగాణలో ఏ స్కూల్లో అయినా తెలుగు నేర్చుకోవాల్సిందే, 2018లో చట్టం వచ్చింది. అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివింది, "చా... ర్మి... నా... ర్." తర్వాత లోపల తెరిచి ఒక వాక్యం. ఖాలా చెవి అటే ఉంది. ఆ ఇంట్లో తెలుగు పుస్తకం చదివి వినిపించగల మనిషి ఒకరున్నారని ఆమెకి కూడా అప్పుడే తట్టినట్టుంది.

"నేను ఉంచుకోవచ్చా అంకుల్?" అని అడిగింది ఆ పిల్ల.

అమ్మ నాకన్నా ముందు అంది, "ఉంచుకో బిడ్డా. గని తిరిగి ఇయ్యాలె. రోజుకు రూపాయి."

ఆ పాత సమీక్ష ఇంకా అలాగే ఉంది. తీసేయమని సంపాదకుల్ని అడగలేదు, ఉండనీ అనుకున్నాను. పుస్తకం వెళ్లి ఏడు నెలలైంది. రెండు వందల పైన బాకీ. మొన్న ఖాలా ఫోన్ చేసి అమ్మతో గంట మాట్లాడింది. ఎవరో ఒకరి కథ చెబుతోంది. అది మా పుస్తకంలోదో, వాళ్ల పత్రికలోదో, ఇవతల నుంచి వింటున్న నాకు అర్థం కాలేదు.