బెల్టు కార్డు

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా జెద్దా పాతపేట బలద్‌లో షట్టర్లు లేవవు. అంతా సద్దుమణిగి ఉన్న ఆ వేళ బాబ్ మక్కా వైపు నుంచి సూక్ అల్ అలవీ సందులోకి నడిచాను. ఎర్ర సముద్రపు పగడపు రాతితో కట్టిన పాత మేడలు రెండు పక్కలా ఉన్నాయి. వాటి గోడల నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలను ఇక్కడ రోషన్‌లంటారు. 2014లో యునెస్కో జాబితాకెక్కిన పేట ఇది. మేడల సంగతి తర్వాత, ముందు ప్రొద్దుటూరు అక్క ఇల్లు దొరకాలి.

ఇల్లు వెనక వీధిలో, కొత్త బిల్డింగు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. అక్కే కిందికి దిగొచ్చి నన్ను తీసుకుపోయింది. మొదటి మలుపు దగ్గర ఆగి గోడకు చెయ్యి ఆనించింది.

"ఎక్కలేక కాదుమ్మా. తిండి లేదు, దాంతో కాళ్లల్లో సత్తువ లేదు. నాలుగు దినాల్నుంచి నీళ్లు గూడా ఆగి ఆగి దిగుతాండాయి" అంది.

2012లో హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి ఆమె జీర్ణాశయానికి బెల్టు వేశారు. అప్పటికి 104 కిలోలు, షుగరు, మోకాళ్ల నొప్పులు. బెల్టు వేశాక రెండేళ్లలో 31 కిలోలు తగ్గింది. ఆ తర్వాత భర్త ఉద్యోగం మీద జెద్దాకు వచ్చేశారు. బెల్టు కూడా ఆమెతోనే వచ్చింది. దాన్ని చూసే డాక్టరు మాత్రం అక్కడే ఉండిపోయాడు.

నాకు ఈ గొడవ ఎందుకంటే, మా అమ్మకీ 2011లో ఇదే బెల్టు వేశారు. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ఆసుపత్రి నుంచి ఫోన్లు వచ్చేవి, డైటీషియన్ మాట్లాడేది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి, మేమూ ఊరుకున్నాం. నాలుగేళ్లకు అమ్మ బొడ్డు పక్కన, చర్మం కింద కుట్టిన బెల్టు పోర్టు ఉన్నచోట ఎర్రబడి సలపడం మొదలైంది. సెగగడ్డ అనుకుని ఊళ్లో డాక్టరు దగ్గర రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ వాడించాం. అసలు సంగతేమిటంటే బెల్టు లోపల జీర్ణాశయం గోడను ఒరుసుకుంటూ కోసుకుపోయింది. ఆపరేషనైన ఏళ్ల తర్వాత పోర్టు దగ్గర చీము పట్టిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నేనని మాకెవరూ చెప్పలేదు. బెల్టు తీయించాం, అమ్మ కోలుకుంది. ఆ రెండు నెలలు ఆమె పడ్డ బాధ తలచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. అప్పట్నుంచి బెల్టు వేయించుకున్నవాళ్లు ఎక్కడున్నారని తెలిసినా పోయి పలకరిస్తున్నాను. తమ్ముడు జెద్దాలో ఉన్నాడు. ఈసారి వాడింటికి వచ్చినప్పుడు అక్క సంగతి తెలిసింది.

బెల్టు ఎలా పనిచేస్తుందో అక్క ఒక బెలూనుకు రబ్బరు బ్యాండు చుట్టి నాకు చూపించింది. జీర్ణాశయం పైభాగాన సిలికాన్ పట్టీ కడతారు. దాని పైన చిన్న కాఫీ గ్లాసులో సగం కూడా పట్టని సంచి మిగులుతుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. పట్టీ లోపలి గాలిబుడగ లాంటి అరలోంచి ఒక సన్న గొట్టం వచ్చి చర్మం కింద కుట్టిన పోర్టుకు కలుస్తుంది. పోర్టులోకి సూదితో సెలైను ఎక్కిస్తే బెల్టు బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. ఒక్కోసారి అర మిల్లీలీటరు తేడా చాలు, తిండి దిగడానికీ దిగకపోవడానికీ. 1993 సెప్టెంబరులో బెల్జియంలో బెలచూ అనే సర్జన్ పొట్ట కోయకుండా, చిన్న రంధ్రాల గుండా మొదటిసారి ఈ బెల్టు వేశాడు. 2001లో అమెరికా కూడా అనుమతి ఇచ్చాక ఇంకా పాకింది. ఏమీ కోసి తీసేయరు, వద్దనుకుంటే విప్పేయొచ్చు అన్న మాట జనానికి బాగా నచ్చింది. మా అమ్మ ఒప్పుకున్నదీ ఆ మాటకే.

"ఇక్కడ బెల్టు అంటే ఎవురికీ తెలీదుమ్మా. అందరిదీ తక్మీమే" అంది అక్క. తక్మీమ్ అంటే జీర్ణాశయాన్ని నిలువునా కోసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్, ఇంగ్లీషులో స్లీవ్. సౌదీలో బరువు ఆపరేషన్ అంటే జనం నోట వచ్చే మాట అదే. బెల్టును అరబీలో హిజామ్ అంటారు. అక్క భర్త ఆ మాట పట్టుకుని బలద్‌లో వాకబు చేస్తే, ఒక దుకాణదారు ఆయన్ను తీసుకుపోయి ఒంటి మీద గాట్లు పెట్టి కప్పులతో రక్తం లాగే హిజామా కేంద్రం ముందు నిలబెట్టాడట. చివరికి రెండు పెద్దాసుపత్రులకు పోతే ఒకచోట "మేము వేయని బెల్టు మేము ముట్టం" అన్నారు, రెండోచోట కార్డు అడిగారు. బెల్టు కంపెనీ పేరు, సైజు, ఎంత సెలైను పడుతుందన్నది ఆ కార్డు మీద రాసి ఉంటుంది. కార్డేమో ప్రొద్దుటూరులో.

సాయంత్రం భీమవరం దగ్గరి ఊరి నర్సమ్మ వచ్చింది. బలద్‌లోనే ఒక పాలీక్లినిక్‌లో పనిచేస్తుంది. "మా దగ్గర జలుబు, జ్వరం, షుగరు చూస్తామండి. దీనికి కావాల్సిన సూదే ఉండదు" అంది. ఆ సూది పేరు హ్యూబర్ సూది. మామూలు సూది మొన పోర్టు మీది సిలికాన్‌లోంచి చిన్న ముక్కను తవ్వుకొస్తుంది, ఆ చిల్లు నుంచి సెలైను కారిపోతుంది. హ్యూబర్ సూది మొన కాస్త పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి సిలికాన్‌ను తవ్వదు, చీల్చి లోపలికి పోతుంది, తీయగానే చీలిక మూసుకుంటుంది. తెలియనివాళ్లు ఏదో ఒక సూది గుచ్చితే పోర్టు చెడుతుందని ఆమె భయం. అక్కతో మాత్రం గట్టిగానే చెప్పింది. "నీళ్లు కూడా సరిగా దిగట్లేదంటే బెల్టు జారి ఉండొచ్చండి. రేపు మాపు అనుకోకూడదు. అసలు మొదటి రోజే పోవాల్సింది. ఇలాగే వాంతులవుతా ఉంటే ఒంట్లో బి1 విటమిన్ పడిపోద్ది, అది నరాల మీదికి వస్తది."

అదే గదిలో నిజామాబాద్ కుర్రాడొకడు కూర్చుని వింటున్నాడు, డెలివరీ వ్యాను నడుపుతాడు. మొన్న సెలవులో ఊరికి పోయి స్లీవ్ చేయించుకుని వచ్చాడట. "నాకు మంచిగనే ఉందక్కా, గని జుట్టు ఊడుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్" అన్నాడు. విటమిన్ మాత్రలు మొదటి సీసాతోనే ఆపేశాడు. నర్సమ్మ రక్తపరీక్షల పేర్లు కాగితం మీద రాసిచ్చింది.

బెల్టుతో బతకడమంటే ఎట్లా ఉంటుందని నేను అడిగినప్పుడు అక్క చెప్పినవన్నీ వంటింటి సంగతులే. ఖబూస్ రొట్టె ముద్దకట్టి పట్టేస్తుంది. అన్నం మెత్తగా వండినా గడ్డకడుతుంది. పట్టేసిందంటే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టుంటుంది, నోట్లో జిగురు ఊరుతుంది, బాత్రూంకు పరుగెత్తాలి. దావత్‌లలో పక్కవాళ్లు చూస్తారని సిగ్గు. ఉడికించిన గుడ్డు, పప్పు, పెరుగు, చేప బాగానే దిగుతాయి. తీపి అంతకన్నా సుళువుగా జారుతుంది. జ్యూసులు, ఐస్‌క్రీమ్, కునాఫా బెల్టును లెక్కచేయవు. "గట్టిది తినలేక మెత్తది తింటిని. పోయిన బరువులో పన్నెండు కిలోలు తిరిగొచ్చె" అంది. ఇందులో ఆమె తప్పేమీ నాకు కనపడలేదు. బెల్టు మరీ బిగుతుగా ఉంటే మనిషి మెత్తటి తీపి వైపే పోతుంది, సమయానికి వదులు చేసే చెయ్యి ఉంటే పోదు. రంజాన్‌లో మాత్రం ఆమెకు సొంత లెక్క ఉంది. అజాన్ కాగానే ఒక్క ఖర్జూరం బాగా నమిలి, నాలుగు గుక్కల నీళ్లు. మగ్రిబ్ నమాజు చేసొచ్చాక గంజి. మన రాయలసీమ మసీదుల్లో కాచే రంజాన్ గంజిని ఆమె ఇక్కడా కాస్తుంది, అదొక్కటీ ఏనాడూ పట్టేయలేదట.

2004లో న్యూయార్క్ సర్జన్ల బృందం ఒకటి ఒక లెక్క ప్రచురించింది. బెల్టు వేయించుకున్నవాళ్లలో మొదటి ఏడాది ఆరుసార్లకు మించి చూపించుకున్నవాళ్లు తమ అదనపు బరువులో 50 శాతం పోగొట్టుకున్నారు. అంతకంటే తక్కువసార్లు వచ్చినవాళ్లు 42 శాతమే. జీర్ణాశయం బైపాస్ ఆపరేషన్‌వాళ్లలో రాకపోకలతో తేడా కనపడలేదు. 2011లో బెల్జియం నుంచి ఇంకో లెక్క వచ్చింది, పన్నెండేళ్లు దాటిన బెల్టుల మీద. దాదాపు సగం మందికి బెల్టు తీసేయాల్సి వచ్చింది, ముగ్గురిలో ఒకరికి సుమారుగా అది లోపల కోసుకుపోయింది. ఆ తర్వాత లోకం స్లీవ్ వైపు తిరిగింది. సరే, మరి అప్పటికే బెల్టు ఉన్నవాళ్లో? వాళ్లు కువైట్‌లో ఉన్నారు, దుబాయిలో ఉన్నారు, బలద్ వెనక వీధిలో రెండో అంతస్తులో ఉన్నారు. బెల్టు అమ్మేటప్పుడు జీవితాంతం చూపించుకోవాలని చిన్నక్షరాల్లో రాసిన ఆసుపత్రులు, ఊరు మారితే ఎవరికి చూపించుకోవాలో ఒక్క కాగితం మీద రాసిచ్చి ఉండాల్సింది.

ఆ రాత్రే ప్రొద్దుటూరులో అక్క కొడుకు బీరువా మొత్తం వెతికాడు. కార్డు నిఖా చీర మడతలో దొరికింది. ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. నర్సమ్మ ఎవరెవరికో ఫోన్ చేసి, ఊరికి ఉత్తరాన ఒక ఆసుపత్రిలో బెల్టులు తెలిసిన ఈజిప్టు డాక్టరమ్మను పట్టుకుంది. పొద్దున్నే టాక్సీలో పోయాం.

డాక్టరమ్మ అక్క పొట్ట మీద మూడు వేళ్లతో తడుముతూ పోయింది. ఒకచోట వేళ్లు ఆగాయి. అక్కను తలెత్తమంది, పొట్ట కండరం బిగిసేసరికి చర్మం కింద రూపాయి బిళ్ల అంత పోర్టు అంచు నాకూ కనపడింది. దాని రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు పెట్టి కదలకుండా పట్టుకుని, మధ్యలో సూది నిటారుగా దించింది. ఏదో గట్టిదానికి తగిలి ఆగింది. సిరంజిలోకి నీళ్ల లాంటి సెలైను తేటగా వచ్చింది. కార్డు ప్రకారం 10 మిల్లీలీటర్లు పట్టే బెల్టులో ఆరున్నర ఉంది. మొత్తం తీసేసింది. తర్వాత తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే కింద నిలబెట్టారు. బెల్టు కొద్దిగా జారింది. రెండు నెలలు ఖాళీగా ఉంచి మళ్లీ చూద్దాం, సర్దుకోకపోతే తీసేద్దాం అంది. బి1 ఇంజెక్షన్ వేయించింది.

నర్సు గ్లాసుతో నీళ్లిచ్చింది. అక్క ఒక గుక్క తాగి, అలవాటుగా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఏమీ కాలేదు. ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

సాయంత్రం బైత్ నసీఫ్ ముందు కూర్చున్నాం. 1881లో కట్టడం పూర్తయిన, 106 గదుల మేడ అది. 1925లో రాజు అబ్దుల్ అజీజ్ దిగింది ఇందులోనే. ముందు పెద్ద వేపచెట్టు ఉంది. ఒకప్పుడు జెద్దా మొత్తానికి చెట్టంటే ఇదేనని, ఈ ఇంటిని చెట్టున్న ఇల్లనే అనేవాళ్లట. అక్క రాలిన వేపాకు ఒకటి ఏరి వాసన చూసింది. తర్వాత ఫోన్ తీసి, కార్డు ఫొటో కింద ఆ రోజు తేదీ, పక్కన "సున్నా" అని టైపు చేసి నాకు పంపింది.

"ఒకటి నీ దగ్గర ఉండనీమ్మా" అంది.