వేడి నీళ్ళలో దొరికిన ఓడ రహస్యం

ఇంగ్లండులో ఉత్తరాన టైన్ అనే నది వున్నది. దాని ఒడ్డున న్యూకాజిల్ నగరం. మీరెప్పుడైనా అక్కడికి వెళితే డిస్కవరీ మ్యూజియంలో ఒక ఓడను చూడవచ్చు. పొడవు వంద అడుగులకు పైమాటే, వెడల్పు మాత్రం తొమ్మిదడుగులు! దాని పేరు టర్బీనియా.

అందరూ ముందువైపు నిలబడి మెచ్చుకుంటారు. మీరు వెనక్కు వెళ్ళి అడుగున చూడండి. ప్రొపెల్లర్లను తిప్పే ఇరుసులు మూడు కనిపిస్తాయి. మొదట అక్కడ వున్నది ఒక్కటే.

ఈ ఓడను 1894లో చేయించినవాడు చార్లెస్ పార్సన్స్. చిన్నతనంలో ఆయన బడికి వెళ్ళలేదు, ఇంట్లోనే చదువుకున్నాడు. (ఈ మాట మీ మాస్టారితో అనకండి. తరవాత కేంబ్రిడ్జిలో బాగానే చదివాడు!) ఆవిరితో తిరిగే టర్బైనును ఓడకు అమర్చాలని ఆయన పట్టుదల. తీరా చూస్తే, టర్బైను బ్రహ్మాండంగా తిరుగుతున్నది, ఓడ మాత్రం 20 నాట్ల వేగమైనా అందుకోవటం లేదు. అలాగే వుండిపోతే టర్బైను ఓడలకు పనికిరాదని లోకం తేల్చేసేది.

తప్పు టర్బైనుది కాదు, ప్రొపెల్లరు దగ్గర నీటిది. నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరుగుతుందని మీరు చదువుకున్నారు. గాలి నీటిని అదుముతున్నంత వరకే ఆ లెక్క. ఆ ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఎత్తయిన కొండల మీద పప్పు ఒక పట్టాన వుడకనిది అందుకే. మరీ తగ్గితే చన్నీళ్ళు కూడా మరుగుతాయి! వేగంగా తిరిగే రెక్క వెనక ఒత్తిడి అలాగే పడిపోతుంది. అక్కడ నీరు ఆవిరి బుడగలైపోతుంది. ఇక ప్రొపెల్లరు దేన్ని నెడుతుంది? దీనికే కావిటేషన్ అని పేరు.

దీన్ని కళ్ళారా చూడాలి. సముద్రం అడుగున చూడటమెలా? పార్సన్స్ ఒక తొట్టెలో రెండంగుళాల బుల్లి ప్రొపెల్లరు పెట్టాడు. చన్నీళ్ళలో అది ఎంత తిరిగినా ఓడ ప్రొపెల్లరంత ఒత్తిడి తగ్గించలేదు. అందుకని నీటిని మరగటానికి కొద్ది డిగ్రీల దూరం దాకా కాచాడు.

ఎంత చక్కని ఉపాయమో చూడండి. 20 డిగ్రీల నీరు మరగాలంటే ఒత్తిడి సుమారు నలభయ్యో వంతుకు దిగాలి. 60 డిగ్రీలైతే అయిదో వంతుకు దిగితే చాలు. 95 డిగ్రీల నీటికి ఆరో వంతు తగ్గినా చాలును! వేడి తొట్టెలో బుల్లి ప్రొపెల్లరు చుట్టూ బుడగలు లేచాయి. తరవాత 1895లో ఆయన రాగితో ఒక నీటి సొరంగం చేసి, పంపుతో గాలి లాగి, నీటి మీది ఒత్తిడినే తగ్గించాడు. ఆ సొరంగాన్ని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంవారు భద్రపరిచారు.

చివరకు ఓడకు మూడు ఇరుసులు, ఒక్కొక్కదానికి మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చారు. భారం పంచుకున్నాయి గనక ఏ రెక్కా నీటిని అంతగా చీల్చనక్కర లేకపోయింది. 1897 జూన్ 26న విక్టోరియా రాణి గౌరవార్థం స్పిట్‌హెడ్‌లో యుద్ధనౌకలు బారులు తీరి వుండగా, టర్బీనియా వాటి మధ్య నుంచి దూసుకుపోయింది. కావలి పడవలు దాన్ని పట్టుకోలేకపోయాయి. దాని వేగం 34 నాట్లు, అంటే గంటకు 63 కిలోమీటర్లు!

బుడగల వల్ల ఇంకొక బాధ వున్నది. ఒత్తిడి ఎక్కువగా వున్న చోటికి రాగానే అవి చటుక్కున నలిగిపోతాయి. ఆ దెబ్బకు గట్టి లోహం కూడా చెదలు తిన్నట్టు గుంటలు పడుతుంది. మరి నీరు వేడెక్కినకొద్దీ దెబ్బ పెరగాలి గదా? 50, 60 డిగ్రీల దాకా పెరుగుతుంది కూడా. ఆ పైన తగ్గిపోతుంది! బాగా వేడి నీటిలో బుడగ నిండా ఆవిరి కిక్కిరిసి వుంటుంది. నలిగేటప్పుడు అది దూదిపరుపులాగా అడ్డుపడుతుంది. పైగా ఆవిరి పుట్టటానికి చుట్టూవున్న నీటి నుంచే వేడి లాక్కోవాలి. కుండలో నీరు చల్లబడేది కూడా ఇలాగే. కనక బుడగ పెరుగుదల కూడా మందగిస్తుంది.

అయినా వేడి నీటిని తోడే పంపులకు బుడగల భయం తప్పదు. అందుకే థర్మల్ విద్యుత్ కేంద్రాలలో బాయిలరుకు వెళ్ళే వేడి నీటి తొట్టెను పంపుకన్నా చాలా ఎత్తున, మేడ మీద పెడతారు. పైనున్న నీటి బరువు పంపులోని నీటిని గట్టిగా అదిమి, మరగనివ్వకుండా వుంచుతుంది.