బ్రాందీలో ద్రాక్ష ఎంత?

"బ్రాందీ ద్రాక్షపండ్లతో చేసేదే కదా డాక్టరుగారూ, జలుబుకు ఒక్క చెంచా పట్టిస్తే తప్పేమిటి?" పసిపిల్లలను ఎత్తుకొని వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు నన్ను ఉద్యోగకాలమంతా అడిగిన ప్రశ్న ఇది. పదవీ విరమణ తరువాత కూడా ఫోనులో అడిగేవారున్నారు. కాబట్టి ఆ ద్రాక్ష సంగతే ముందు చూద్దాం.

బ్రాందీలలో పేరుమోసినది పశ్చిమ ఫ్రాన్సులోని కోన్యాక్. అక్కడి తోటలలో నూటికి 95 పాళ్ళకు పైగా ఒకే తెల్లద్రాక్ష, ఉగ్ని బ్లాంక్. ఫ్రెంచివారు "ఉన్యీ బ్లాన్" అని పలుకుతారు. దాని పుట్టిల్లు ఇటలీ. అక్కడ ట్రెబ్బియానో అంటారు. 19వ శతాబ్దం చివరి భాగంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు తోటలను నాశనం చేసింది. తిరిగి నాటేటప్పుడు, బూజుతెగులును తట్టుకొంటుందనీ విరగకాస్తుందనీ రైతులు ఈ రకాన్ని ఎంచుకొన్నారు. ఇటలీలోని మోదెనాలో ట్రెబ్బియానో జాతి ద్రాక్షల రసాన్ని కాచి, కనీసం 12 ఏళ్ళు పీపాలలో మాగబెట్టి వినెగర్ చేస్తారు. నన్నడిగితే మెచ్చదగిన ఉపయోగం అదే.

ఈ ద్రాక్షకు పులుపు ఎక్కువ. వైను పలుచన; ఆల్కహాలు 9 శాతం ప్రాంతంలో ఉంటుంది. త్రాగడానికి లోపాలైన ఆ రెండే బట్టీకి గుణాలు. పులుపు వల్ల వైను చెడదు, గంధకం కలపనక్కరలేదు. ఆల్కహాలు తక్కువ గనుక ఎక్కువ వైను మరిగించవలసివచ్చి, పరిమళం చిక్కబడుతుంది. రాగిబట్టీలో రెండుసార్లు కాస్తే సుమారు 9 లీటర్ల వైనుకు 1 లీటరు దిగుతుంది. దానిని కనీసం 2 సంవత్సరాలు ఓక్ కర్ర పీపాలలో ఉంచుతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆవిరిగా పైకి వెళ్ళేవి ఆల్కహాలు, కొంత నీరు, సువాసన ద్రవ్యాలు. పండులోని చక్కెర పులిసినప్పుడే పోయింది. పొటాషియం వంటి లవణాలు బట్టీ అడుగునే మిగిలిపోయాయి. సీసాలోని తేనెరంగు కూడా ద్రాక్షది కాదు. ఇది అసలైన కోన్యాక్ కథ. మన దుకాణాలలోని చాలా బ్రాందీలకు ఆధారం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్.

మన సీసాలపై సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 5 మిల్లీలీటర్ల చెంచాలో 2 మిల్లీలీటర్లకు పైగా శుద్ధమైన ఆల్కహాలు. 5 కిలోల శిశువు రక్తంలో అది, వాహనం నడిపే పెద్దవారికి చట్టం పెట్టిన పరిమితిని, 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములను, దాటగలదు. పసివాళ్ళ కాలేయంలో చక్కెర నిల్వలు కొద్ది. ఆల్కహాలు పడితే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛలు రావచ్చు. "ఒళ్ళు వెచ్చబడిందండీ" అంటారు. చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించి లోపలి వేడి బయటికి పోతున్నదని దాని అర్థం. హాయిగా నిద్రపోయాడనుకొనేది మత్తు.

ఇప్పటికే పట్టించి ఉంటే, బిడ్డ మగతగా ఉన్నా, పాలు త్రాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. ఎంత పట్టించారో, ఎప్పుడు పట్టించారో ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి. ముందుగా చక్కెర పరీక్ష చేయడానికి వైద్యునికి ఆ మాటే ఆధారం.