బావ జీపులో ముల్లు కదిలింది

ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాలు, హాస్టల్ కూర గురించి చాలా పోస్టులు వచ్చాయి. జీపు మీటర్ల గురించి ఎవరూ రాయలేదు. మన ఏజెన్సీలో సగం ఊళ్ళు ఆ జీపుల మీదే బతుకుతున్నాయి కదా, అందుకే మేము రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా బావది పాత కమాండర్ జీపు. 2112 సీసీ ప్యూజో ఇంజిన్ అరిగిపోయి, ఘాట్ ఎక్కితే నల్ల పొగ తప్ప ఏం లేదు. అప్పు చేసి కింద పట్నంలో ఒక షెడ్డులో 2523 సీసీ డీఐ ఇంజిన్ వేయించాడు. బండి ఏనుగులా లాగుతోంది. కానీ మీటరు బోర్డు మొత్తం చచ్చిపోయింది. హీట్ మీటరు కదలదు, ఆయిల్ మీటరు కదలదు, ఛార్జింగ్ లైటు వెలగదు. అడిగితే షెడ్డాయన, "కొండ మీద తిరిగే జీపుకి మీటర్లెందుకు బాబూ, చెయ్యి పెట్టి చూసుకోండి" అన్నాడట. ఆ మాట మాకు ఇప్పటికీ మండుతుంది. ఆ జీపులో సంతకి అల్లం, పసుపు, పిప్పళ్ళే కాదు, డోలీలో మోసుకొచ్చిన గర్భిణీలు కూడా రోడ్డు మొదలైన దగ్గర ఎక్కుతారు. రాత్రిపూట ఘాట్ మధ్యలో ఇంజిన్ పట్టేస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? సిగ్నలే ఉండదు.

మేము మెకానిక్కులం కాదు. బీఎస్సీ ఫిజిక్స్. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదటివాళ్ళం. అయినా ప్రాక్టికల్స్‌లో థర్మిస్టర్ చేశాం. హీట్ సెన్సారు అంటే అదే: వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు లేస్తుంది. దానికి ఒకటే వైరు, ఎర్త్ ఇంజిన్ బాడీ నుంచే వస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాం. తాళం ఆన్ చేసి, సెన్సారు వైరు పీకి ఇంజిన్‌కి ఒక్క క్షణం తాకించాం. ముల్లు చివరిదాకా ఎగిరింది! అంటే మీటరు బాగుంది, వైరు బాగుంది. సెన్సారు విప్పి చూస్తే మరకి తెల్ల టేపు మందంగా చుట్టేసి ఉంది, ఎర్త్ ఎక్కడా అందట్లేదు. టేపు తీసి రాగి వాషర్ వేసి బిగించాం. ముల్లు కదిలింది. బావ సంతోషంతో కోడిని కోస్తానన్నాడు.

మాకే నమ్మకం కలగలేదు. ఇంజిన్ ఎంత కాలినా ముల్లు సగం దాటట్లేదు. అప్పుడు అక్క పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగించి, పాత ఇంజిన్ సెన్సారునీ కొత్తదాన్నీ వైరు కట్టి వేలాడదీసి, మల్టీమీటరు పెట్టాం. (మా కొండల ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అదీ లెక్కలో పెట్టుకున్నాం.) పాతది 40 ఓమ్‌లు చూపించింది, కొత్తది 120. మన మీటరు పాత సెన్సారుకి తయారైంది. కొత్తదానితో నీళ్ళు మరుగుతున్నా సగమే చూపిస్తుంది. చచ్చిన ముల్లుని ఎవరూ నమ్మరు, బానెట్ ఎత్తి చూసుకుంటారు. అబద్ధం చెప్పే ముల్లుని నమ్మి ఘాట్ ఎక్కుతారు. మాకు భయం వేసింది ఇక్కడే.

పాత సెన్సారు మర కొత్త ఇంజిన్‌కి పట్టదు. అనకాపల్లిలో లేత్ దగ్గర ఇత్తడి బుష్ చేయించాం, 350 రూపాయలు. ఆయిల్‌ది వేరే కథ. కొత్త ఇంజిన్‌కి ఉన్నది లైటు స్విచ్, ఉంటే ఉంది లేకపోతే లేదు అని మాత్రమే చెప్తుంది. మీటరుకి ప్రెషర్ కొలిచే సెన్సారు కావాలి. టీ జాయింట్ వేసి రెండూ పెట్టాం. ఛార్జింగ్ లైటు బల్బు మాడిపోయింది, అంతే. కానీ చాలా బళ్ళలో ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటుతోనే ఆల్టర్నేటర్ లేస్తుంది, బల్బే కదా అని వదిలేయకండి. స్పీడు మీటరు ఇప్పటికీ ఎక్కువ చూపిస్తోంది, గేర్‌బాక్స్‌లో పళ్ళ చక్రం మార్చాలి. బావ మాత్రం "ఎక్కువ సూపిస్తే మంచిదే గదరా, నెమ్మదిగా ఎల్తాను" అంటున్నాడు.

ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించే పని ఇంకా నడుస్తోంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి, మార్పుల సంగతంతా అందులోనే ఉంది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది ఆ నంబరే.

ఇంకొక్కటి. ఘాట్‌లో హీట్ ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకండి. నీళ్ళు కారిపోయి సెన్సారు గాలిలో తేలుతున్నా అలాగే పడుతుంది. బండి ఆపండి, రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయకండి.

బావ మీటరు అద్దం మీద తెల్ల రంగుతో ఒక గీత గీశాం. ముల్లు ఆ గీత దాటితే బండి పక్కకి పెట్టాల్సిందే, ఎవరు తొందరపెట్టినా సరే. వేసవి సెలవుల్లో మల్టీమీటరుతో ఊళ్ళోనే ఉంటాం. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇంజిన్ మారిస్తే, పాత సెన్సార్లు షెడ్డులో వదలకుండా అడిగి తెచ్చుకోమని చెప్పండి.