ఈ కోటకు మెట్లేవి?

సినిమాలు, వీడియోగేమ్‌ల కోసం బొమ్మలు వేసే ఉద్యోగం కోరుకున్న భిలాయ్ అమ్మాయికి అసలు పాఠం ఇంట్లోనే దొరికింది

స్టీల్ ప్లాంట్‌లో రిటైరై, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసినవాళ్లు సొంత ఇల్లు కట్టుకున్న కాలనీల్లో భిలాయ్‌లోని స్మృతి నగర్ ఒకటి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర ముప్పయ్యేళ్లకు పైగా షిఫ్టులు చేసిన ఒక తెలుగు ఉద్యోగి కూడా అదే పని చేశారు. కింద ఆయన, భార్య. పైగదిలో కూతురు. ఆమెకు 26 ఏళ్లు. ఆ గదిలో రాత్రి రెండింటి దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. అమ్మాయి ఏం చేస్తోందని ఇరుగుపొరుగు అడిగితే తల్లి "కంప్యూటర్‌లో బొమ్మలు వేస్తుంది" అని ఊరుకుంటారు. ఐఐటీ కోచింగ్‌కు పేరుమోసి, సొంతంగా ఐఐటీ కూడా ఉన్న ఊళ్లో, ఇంజనీరింగ్ మధ్యలో మానేసిన పిల్ల గురించి ఆవిడ మాత్రం ఇంకేం చెబుతారు?

ఆ అమ్మాయి కోరుకున్న ఉద్యోగం పేరు కాన్సెప్ట్ ఆర్టిస్టు. సినిమాలోనో గేమ్‌లోనో కనిపించే కోట, వాహనం, వింత జంతువు ఎలా ఉండాలో, అవి తయారు కాకముందే గీసి చూపించే పని. పని కొత్తదేమీ కాదు. 'స్టార్ వార్స్' కోసం 1975లో రాల్ఫ్ మెక్‌క్వారీ వేసిన చిత్రాలు ఆ కథ మీద డబ్బు పెట్టేలా స్టూడియోను ఒప్పించడానికి జార్జ్ లూకాస్‌కు బాగా ఉపయోగపడ్డాయి. తెలుగు ప్రేక్షకులకు ఈ పని విలువ తెలిసింది మాత్రం 2015లో 'బాహుబలి'తోనే. అప్పుడామె పదకొండో తరగతి చదువుతోంది. మాహిష్మతిని మొదట ఎవరో బొమ్మగా వేశారని తెలిసిన రోజు నుంచీ ఆమెకు వేరే ఆలోచన లేదు.

ఈ రంగంలో డిగ్రీ కన్నా పోర్ట్‌ఫోలియోనే ముందు చూస్తారు. అంటే, అభ్యర్థి వేసిన బొమ్మల కూర్పు. తండ్రి గ్రాట్యుటీ సొమ్ములో కొంత కోర్సు ఫీజుకు, ఇంకొంత బొమ్మలు గీసే ట్యాబ్లెట్‌కు పోయింది. ఆమె మొదటి పోర్ట్‌ఫోలియోలో 43 బొమ్మలున్నాయి. డ్రాగన్లు, కత్తులు పట్టిన వీరవనితలు, రంగురంగుల దీపాల్లో తడిసిన నగరాలు. సగానికి సగం విదేశీ గేమ్‌లలోని పాత్రలే. హైదరాబాద్, బెంగళూరు, పుణె స్టూడియోలకు పంపితే చాలాచోట్ల నుంచి జవాబే లేదు. ఒక్క స్టూడియో మాత్రం రెండు ముక్కలు రాసింది. బొమ్మలు బాగున్నాయి, కానీ మీకు ఏ పని అప్పగించాలో వాటిని చూస్తే తెలియడం లేదు.

నెల రోజులు ఆమెకు ఆ మాట మీద కోపం పోలేదు. మాటలో నిజముంది. అందమైన బొమ్మ వేరు, పనికొచ్చే బొమ్మ వేరు. కాన్సెప్ట్ ఆర్టు గోడకు తగిలించుకునేది కాదు. దాన్ని ముందు పెట్టుకుని త్రీడీ మోడల్ చేసేవాడికో, సెట్ వేసే మేస్త్రీకో సందేహాలు తీరాలి. తలుపు ఎటు తెరుచుకుంటుంది? అది చెక్కా, ఇనుమా? పక్కన మనిషి నిలబడితే ఎంత ఎత్తు? అన్నీ కొద్దికొద్దిగా వేయగలిగిన వాళ్లకన్నా, కట్టడాలో, పాత్రలో, ఏదో ఒకటి నమ్మకంగా చేసేవాళ్లను తీసుకోవడం స్టూడియోకు తేలిక. పైగా 43 బొమ్మల్లో పది బలహీనంగా ఉంటే చూసేవాళ్లకు గుర్తుండేది ఆ పదే.

ఇవన్నీ ఆమె కోర్సులో విన్నవే. తలకెక్కింది మాత్రం ఒక సాయంత్రం తండ్రి టీ గ్లాసుతో పైకొచ్చి, తెర మీద ఆకాశంలో తేలుతున్న కోటను చాలాసేపు చూసినప్పుడు.

"మెట్లేవమ్మా?"

"ఊహ కదా నాన్నా, గాల్లో తేలుతుంది."

"తేలనీ. లోపల మనుషులుంటారు కదా, వాళ్లు పైకెలా వెళ్తారు? నీళ్లెక్కడివి? ఈ పొగ ఎక్కణ్నుంచి వస్తోంది? ఏదన్నా పాడైతే రిపేరు చేసేవాడు ఎక్కడ నిలబడతాడు?"

జీవితమంతా ప్లాంటు డ్రాయింగులు చదివిన మనిషి అడగాల్సిన ప్రశ్నలే. స్టూడియో రాసిన రెండు ముక్కల అర్థం కూడా అదే.

ఆ తర్వాత ఆమె డ్రాగన్లను పక్కన పెట్టి, ఒక కల్పిత తెగ కట్టుకున్న ఇనుప కొలిమిని ప్రాజెక్టుగా తీసుకుంది. సోవియట్ యూనియన్ సాయంతో కట్టి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నెస్ వెలిగించిన ప్లాంటు ఊళ్లోనే ఉంది. 2018లో మొదలైన ఎనిమిదో ఫర్నెస్‌కు మహామాయ అని పేరు. క్వార్టర్‌లో ఉన్న రోజుల్లో స్లాగ్ పారబోసినప్పుడు రాత్రి ఆకాశం ఎర్రబడటం ఆమె చిన్నప్పుడు రోజూ చూసిందే. దాన్ని బొమ్మగా వేయాలని ఒక్కసారీ తోచలేదు. ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి ఎలా పడతాయో, కింద వేడిగాలి ఎలా ఊదుతారో, ఇనుము బయటికొచ్చే రంధ్రాన్ని డ్రిల్లుతో తెరిచి, బంకమట్టి కూరి ఎలా మూస్తారో తండ్రి రోజుకింత చెప్పారు. రిటైరయ్యాక ఆయన ఇంత మాట్లాడటం చూడలేదని భార్య ఆశ్చర్యపోయారు.

మొదట అగ్గిపెట్టెంత సైజులో ముప్పై నల్లటి ఆకారాలు. వాటిలోంచి మూడు. వాటిలో ఒకటి బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్‌గా నిలబెట్టి పగటి వెలుగులో, రాత్రి వెలుగులో. తర్వాత పనిముట్లు, కార్మికుల తోలు ఏప్రన్లు, ఏది ఏ పదార్థమో చెప్పే గుర్తులు, ప్రతి షీటులోనూ కొలతకు ఒక మనిషి. కొట్టేసిన గీతలనూ ఉంచింది. 43 బొమ్మలు పోయి 11 షీట్లు మిగిలాయి. 'బ్లేడ్ రన్నర్' (1982) నగరాన్ని ఊహించిన సిడ్ మీడ్ 1960లలో యూఎస్ స్టీల్ అనే ఉక్కు కంపెనీకి బొమ్మలు వేశారని ఆమెకు తర్వాతెప్పుడో తెలిసింది. తండ్రికి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

కాలం మాత్రం కలిసిరాలేదు. 2022 నుంచి మాట చెబితే బొమ్మ వేసిచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చిపడ్డాయి. ఆ డిసెంబర్‌లో ప్రపంచం నలుమూలల ఆర్టిస్టులు తమ పోర్ట్‌ఫోలియోలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్‌లోనే వాటికి నిరసన తెలిపారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలడంతో బెంగళూరులో అనుభవమున్నవాళ్లే వీధిన పడ్డారు. ఒక చిన్న ఉద్యోగానికి పదేళ్ల అనుభవమున్నవాళ్లతో ఆమె పోటీపడాల్సి వచ్చింది. ఈలోగా ఊరి నుంచి సంబంధాలు. దసరా దాకా ఆగుదామని తండ్రి గడువు పెట్టారు.

దసరాకు మూడు వారాల ముందు హైదరాబాద్‌లోని ఒక స్టూడియో పరీక్ష పెట్టింది. వరదల్లో మునిగే ఊరికి ఒక గుడి, నాలుగు రోజుల్లో. ఇంటర్వ్యూలో వాళ్లు అందమైన బొమ్మను దాటేసి, కొట్టేసిన గీతలున్న షీటు దగ్గర ఆగారు. గుడి మెట్లు మూడు వైపులా ఎందుకు, ఒక వైపే ఎందుకు లేవు? నీటిమట్టం పెరిగేకొద్దీ పడవ ఎటు ఆగుతుందో ఆమె చెప్పింది. సాఫ్ట్‌వేర్‌తో బొమ్మ చేయించి పంపినవాళ్లు ఆ ప్రశ్న దగ్గరే తడబడుతున్నారని అక్కడే తెలిసింది.

ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు. కాగితాలు వచ్చిన రోజు తండ్రి కళ్లజోడు పెట్టుకుని ప్లాంటు డ్రాయింగు చదివినంత శ్రద్ధగా రెండుసార్లు చదివారు.

"ఇందులో పీఎఫ్ ఏదమ్మా?"